గెరింగ్సింగ్ వస్త్రం గారికి ఒక ఫిర్యాదు

తూర్పు బాలి, కరంగాసెం ప్రాంతం, తెంగనన్ పెగ్రింగ్సింగన్ గ్రామ వాస్తవ్యులు మహారాజశ్రీ గెరింగ్సింగ్ వస్త్రం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మర్యాద కోసం రాశాను గానీ మీ కుశలం అడగనక్కరలేదు. రోగాన్నీ కీడునూ గడప తొక్కనివ్వని బట్ట అని మీ ఊరంతా మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటుంది కదా. నేను రాసేది ఫిర్యాదు. సావకాశంగా చదవండి. సావకాశం మీకు కొత్తేమీ కాదు.

నూలు తెచ్చామా, నేశామా, కట్టుకున్నామా అన్నట్టు తేలిపోవలసిన వ్యవహారాన్ని మీరు ఏళ్ల తరబడి సాగదీస్తున్నారు. ముందు నూలును కెమిరి అనే ఒక చెట్టు గింజల నూనెలో, బూడిద తేటలో కలిపి నెలకు పైగా నానబెట్టాలి. తరువాత పడుగుకూ పేకకూ విడివిడిగా, రాబోయే బొమ్మను మనసులో పెట్టుకుని, రంగు అంటకూడని చోటల్లా ముడులు కట్టాలి. నీలిమందు అద్దకం మీ ఊళ్లో నిషిద్ధం. అందుకని నూలు పక్కనున్న బుగ్‌బుగ్ గ్రామానికి ప్రయాణం కట్టాలి. ఎరుపు నోని చెట్టు వేరు బెరడు నుంచి రావాలి. ఆ వేర్లు సముద్రం దాటి నూసా పెనిడా దీవి నుంచి దిగాలి. వచ్చాకైనా ఒక్క మునకతో సరిపెట్టుకుంటారా? ముంచాలి, ఆరబెట్టాలి, నెలలు ఆగాలి, మళ్లీ ముంచాలి. నీలం మీద ఎరుపు ఎక్కితే గానీ మీకు ఆ చిక్కటి నలుపు రాదు. నల్లరంగు పొట్లం ఏ కొట్లోనైనా దొరుకుతుందని మీకు చెప్పినవాళ్లు లేరా?

ఇంతా చేసి మగ్గం ఎక్కాక మీ అసలు గుణం బయటపడుతుంది. నేసే ఆవిడ మగ్గాన్ని నడుముకు బిగించుకుని నేల మీద కూర్చుంటుంది. నాలుగు పోగులు వేస్తుంది, ఆగుతుంది. పడుగు బిగువు కాస్త సడలించి, సూది మొనతో ఒక్కో దారాన్నీ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతుంది. పడుగు మీది ఎర్ర మచ్చ మీద పేక మీది ఎర్ర మచ్చ సరిగ్గా వచ్చి కూర్చున్నాక మళ్లీ బిగించి బద్దతో కొడుతుంది. మళ్లీ నాలుగు పోగులు. చూసేవాడికి ఊపిరాడదు, ఆవిడ మాత్రం నిమ్మళంగానే ఉంటుంది. పడుగు చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి చివరికి మీరు గొట్టంలా కిందికి దిగుతారు. కొన్ని క్రతువులకు కత్తెర తగలని బట్టే కావాలని మళ్లీ ఒక పట్టు! ఇంత ఖరీదు పోసి కొన్నవాడు కోటు కుట్టించుకోవాలనుకుంటే ఏం కావాలి?

ఇక మీ ఉద్యోగం సంగతి. బాలిలో ఈడొచ్చిన పిల్లలకు పళ్లు రాకే సంస్కారం ఒకటుంది. పై వరసలో ఆరు పళ్లు. వాటికి సరిగ్గా ఆరుగురు శత్రువులు: కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. మనవాళ్లే, పేర్లు కూడా మార్చుకోలేదు. ఆకురాయి పళ్ల మీద నడుస్తుంటే పిల్లల తల కింద దిండు మీద పరుచుకుని మీరు. అరిషడ్వర్గాల ఆయువుపట్టు పంటి మొనలో ఉందని తెలియక మా కవులు ఎన్ని శతకాలు రాసి పారేశారు!

సొంత ఊళ్లోనో, ఇంకా విడ్డూరం. ఏటా ఇంద్రుడి పేరిట మగవాళ్లు ముళ్ల మొగలి ఆకుల కట్టలు పట్టుకుని, పేము డాళ్లు అడ్డం పెట్టుకుని ఒకరినొకరు నెత్తురు వచ్చేలా గీరుకుంటారు. నడుముకు మీరు, పైన ఒట్టి ఒళ్లు. గాయాలకు తరువాత పసుపు మందు. కాపాడే బట్ట కట్టుకుని మరీ గాయాలు కొనితెచ్చుకునే ఖాతాదారులను ఏ బీమా కంపెనీ భరిస్తుంది? మీరు భరిస్తున్నారు, పైగా పండుగకు ముందు వరసలో ఉంటున్నారు.

మీ బంధువులను చూసి నేర్చుకోండి. పేక నూలుకు మాత్రమే ముందుగా ముడులు కట్టి అద్దే బాలి బట్ట ఎండెక్ గారు ఎంత లౌక్యులు! 2021లో గవర్నరు ఉత్తర్వు వేయించుకుని ప్రతి మంగళవారం ఆఫీసులకు వెళ్తున్నారు. ఆ ఏడాది పారిస్ ఫ్యాషన్ సంస్థ డియోర్ వారి వసంత దుస్తుల్లోనూ కనిపించారు. జావాలోని త్రోసోలో చవకగా నేసిన బట్ట తన పేరు మీద బాలి బజారులో చలామణి అవుతున్నా కిమ్మనరు. నలుపు తెలుపు గళ్ల పోలెంగ్ గారు మర్రిచెట్టుకూ ద్వారపాలకులకూ ఊరి కాపలాదారులకూ చుట్టుకుని కాపలా కాస్తూనే, తీరిక వేళల్లో హోటళ్ల దిండ్ల మీద రెండో ఉద్యోగం చేసుకుంటున్నారు. మొండితనంలో మీకు సాటి అంటే మా తెలంగాణలో పుట్టపాక తేలియా రుమాలు ఒక్కరే. వారిదీ పడుగూ పేకా రెండూ ముందే అద్దుకునే జాతి. వారికీ నూనె కావాలి, ఆముదపు కాయల బూడిద కావాలి. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చాక మాట వింటారనుకున్నాం. అదే నూనె వాసన, అదే తీరు. సముద్రానికి అటొకరు ఇటొకరు కూర్చుని ఏ బడిలో చదివారో ఈ పాఠం!

మనవి ఏమిటంటే, మీ లుబెంగ్ రకంలోని తేలు బొమ్మను మరమగ్గం బట్ట మీద అచ్చు వేసి చవకగా అమ్ముతున్నారు. కత్తిరించుకోవచ్చు, యంత్రంలో వేసి ఉతుక్కోవచ్చు, నూనె వాసన లేదు. తేలుకు అన్ని కాళ్లూ ఉన్నాయి. దాన్ని చూసి కూడా కీడు భయపడుతుందా లేదా అన్నది మాత్రం అమ్మేవాళ్లు చెప్పడం లేదు. మీరు కనుక్కుని రాయండి. భయపడేటట్టయితే మీతో నాకు పని లేదు. లేదంటారా, ఈ ఉత్తరాన్నే ఆర్డరుగా తీసుకుని నూలు నానబెట్టించండి. వచ్చే శుక్రవారానికి అందాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
తొందరలో ఉన్న ఒక కొనుగోలుదారు