డీజిల్ ట్యాంకు మూత మీది బెజ్జానికి ఒక విన్నపం

మహారాజశ్రీ మా ట్రాక్టరు డీజిల్ ట్యాంకు మూత నడినెత్తిన వెలసియున్న బెజ్జం గారి సముఖమునకు, మూడు రోజుల పాటు తమ పక్కనే నిలబడి నిన్న రాత్రి మాత్రమే తమ ఉనికిని గుర్తించగలిగిన ఒక రైతు వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను గాని, ఈ మూడు రోజుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. నా నడుము కుశలంగా లేదు, సెల్ఫు కొట్టీ కొట్టీ బ్యాటరీ కుశలంగా లేదు, ముప్పై రోజులు దాటి మడిలోనే ముదురుతున్న నారు అసలే కుశలంగా లేదు.

లోకంలో ప్రతి వస్తువూ ఏదో ఒక పని చేసి బతుకుతుంది. నాజిలు సుమారు 200 వాతావరణాల ఒత్తిడికి నోరు తెరిచి డీజిల్‌ను మంచుపొగలా చిమ్ముతుంది, పిస్టన్లు నిమిషానికి వందలసార్లు ఎగిరి దిగుతాయి, ఫిల్టరు ఊరి చెత్తనంతా కడుపులో దాచుకుంటుంది. తమరికి అప్పగించిన పని మాత్రం ఏమీ లేకుండా ఉండటం. ఇంజను ఎంత డీజిల్ తాగితే అంత గాలిని లోపలికి పోనివ్వడం కోసం గుండుసూది తలంత మేర ఖాళీగా ఉంటే చాలు. తమరు తిరగనక్కర్లేదు, కాలనక్కర్లేదు, అరగనక్కర్లేదు. ఖాళీగా కూర్చోవడమే ఉద్యోగమైన వాళ్లను నేను కొన్ని కార్యాలయాల్లో చూశాను, వాళ్లు ఆ ఒక్క పనినైనా నిష్ఠగా చేస్తారు. తమరు అది కూడా చేయలేకపోయారు.

కాలువకు నీళ్లొచ్చిన వారంలో, నాట్లకు ముందు మడిని బురదగా కలిపే దమ్ము చక్రాలను అరువు తెచ్చి బిగించుకుని, ఏడాదికోసారి చేసే సాహసంగా ట్యాంకును అంచు దాకా నింపించుకుని నేను చేలో దిగాను. సరిగ్గా 20 నిమిషాలకు మా నాన్న కాలం నాటి ఆ బండి గొంతు సన్నగిల్లి, బరువు పడినప్పుడల్లా ఆయాసపడి, చివరికి మోకాలి లోతు బురద మధ్యలో ముక్కుతూ ఆగిపోయింది. ట్రాక్టరు గట్టు మీద ఆగితే ఒక్కడే మెకానిక్కు వస్తాడు. చేను మధ్యలో ఆగితే ఊరంతా మెకానిక్కులే వస్తారు. బాబాయి ముందుగా వచ్చి డీజిల్‌లో నీళ్లు కలిశాయని తేల్చి, బంకువాడి వంశాన్ని మూడు తరాల వెనక్కి వెళ్లి తిట్టాడు. ఆ బంకు మనిషికి ఈ లేఖ ద్వారా నా క్షమాపణలు, అతని కొలత మీద నా అనుమానం మాత్రం అలాగే ఉంది.

తరువాత ఫిల్టరు మార్చాము. మూత తీసి, కంది పుల్ల ముంచి డీజిల్ ఉందని నిర్ధారించుకుని, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, ట్యాంకులోని డీజిల్‌ను ఇంజను వైపు తోసే ఫీడ్ పంపు లీవరును చేత్తో కొడుతూ బుడగలు పోయేదాకా గాలి తీశాము. బండి బుద్ధిగా నడిచింది, ఫిల్టరుదే తప్పని అందరం ఒప్పుకున్నాము, 35 నిమిషాల తరువాత మళ్లీ ఆగింది. ఈసారి ఎయిర్ పట్టిందన్నారు. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపులో బయటికి ఒక్క చుక్క కారకపోయినా లోపలికి గాలి పీల్చుకునే సందు ఉండవచ్చునన్నది శాస్త్రసమ్మతమైన మాటే కాబట్టి, పాత రబ్బరు పైపు తీసేసి కొత్తది వేశాము. పైపు కొసలను బిగించే బాంజో బోల్టుల కింది రాగి వాషర్లను పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచి మళ్లీ బిగించాము. అప్పుడు ఇంచుమించు గంట నడిచింది. రోగం కుదుటపడుతోందని, ఇంకో చిన్న మరమ్మతు చేస్తే పూర్తిగా నయమవుతుందని మాకు గట్టి నమ్మకం కలిగింది. ఆ నమ్మకం కలిగించినందుకే నేను తమరిని క్షమించలేకుండా ఉన్నాను, ఆ సంగతి కాసేపట్లో మనవి చేస్తాను.

రెండో రోజు టౌను నుంచి మేస్త్రీ వచ్చాడు. ఫీడ్ పంపు ప్రెషరు తగ్గిందేమో చూడమన్నాను. ఆ పంపు ఇచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి పది పౌండ్లు కూడా ఉండదని, ట్రాక్టరు వెనక టైరులోని గాలి కూడా దానికంటే ఎక్కువని నాకు తెలుసు కాబట్టి, కొలిచి చూడటం మంచిదని వినయంగా సూచించాను. మా చుట్టుపక్కల ప్రెషరు గేజి ఉన్నది పంక్చర్ల దుకాణంలో మాత్రమే. మేస్త్రీ దగ్గర ఉన్న గేజి అతని బొటనవేలు. పైపు విప్పి చూస్తే ట్యాంకు నుంచి డీజిల్ ధారగా వచ్చింది, అంటే పంపు దాకా వచ్చే దారి శుభ్రంగా ఉన్నట్టు. లీవరు కొట్టి చూస్తే వదులుగా ఊగింది, అంటే పంపు చచ్చినట్టు. కొత్త పంపుకు 1400 రూపాయలు. ఇంజను ఆగినప్పుడు లోపల ఆ లీవరును ఆడించే కామ్ షాఫ్టు దాన్ని పైకి ఎత్తి పట్టిన స్థితిలో ఉంటే ఎంత మంచి పంపు లీవరైనా వదులుగానే ఊగుతుందని, ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్లీ చూస్తే పట్టు దొరుకుతుందని నాకు తరువాత జ్ఞాపకం వచ్చింది. అప్పటికి పాత పంపు గోనెసంచిలో ఉంది, కొత్త పంపు ఇంజనుకు ఉంది, డబ్బు మేస్త్రీ జేబులో ఉంది. ఇక డీజిల్ ధారగా ఎందుకు వచ్చిందంటారా? పుల్ల ముంచి చూడటానికి తమరి మూతను తీసి బానెట్టు మీద పెట్టాము కాబట్టి వచ్చింది.

కొత్త పంపుతో బండి రెండు గంటలకు దగ్గరగా నడిచింది. ఎండ వాలింది, మేస్త్రీ వెళ్లిపోయాడు, నేను ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను. మూడో రోజు పొద్దున్నే ఉత్సాహంగా ట్యాంకు మళ్లీ అంచు దాకా నింపి, మూత గట్టిగా బిగించి, చేలో దిగాను. కొత్త ఫిల్టరు, కొత్త పైపు, కాల్చిన వాషర్లు, 1400 రూపాయల పంపు అన్నీ కలిసి నన్ను సరిగ్గా 20 నిమిషాలు మోశాయి.

ఇక్కడితో తమరూ గిమరూ నా వల్ల కాదు. ఒరే బెజ్జమా, నువ్వు మూసుకుపోయినందుకు నాకు కోపం లేదు, మట్టిలో తిరిగే బండికి ఏదో ఒకటి మూసుకుపోతూనే ఉంటుంది. నువ్వు నాతో ఆడుకున్నావు, అదీ నా బాధ. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు డీజిల్ పైన గాలికి చోటు పిడికెడే, ఒకటిన్నర లీటరు ఖర్చయ్యేసరికి ఆ పిడికెడు గాలి సాగి పలచబడి, డీజిల్‌ను కిందికి పోనివ్వకుండా పైకి లాగి పట్టుకుంటుంది. మేము ఆగి, మూత తీసి, పుల్ల ముంచినప్పుడల్లా లోపలికి బయటి గాలి చేరి చోటు కాస్త పెరుగుతుంది; పెరిగిన చోటును పలచబరచడానికి ఇంకాస్త ఎక్కువ సేపు పడుతుంది. అందుకే మొదట 20 నిమిషాలు, తరువాత 35, తరువాత గంట, తరువాత రెండు గంటలు. మేము ఏమి మార్చినా నువ్వు మెచ్చుకోలుగా కాస్త ఎక్కువ సమయం ఇచ్చావు. నేను ఆ రోజు ఫిల్టరు బదులు హారను మార్చి ఉన్నా, బండికి గుమ్మడికాయ దిష్టి తీసి ఉన్నా అదే 35 నిమిషాలు ఇచ్చేవాడివి. వైద్యం చేసిన ప్రతివాడికీ హస్తవాసి ఉందని రాసిచ్చి, చివరికి మేస్త్రీ నోట, నాజిళ్లకు ఒత్తిడితో డీజిల్ కొట్టే పెద్ద డీజిల్ పంపు మొత్తం విప్పి టౌనుకు పంపాలన్న మాట కూడా అనిపించావు. దాని బోల్టులు సగం విప్పాను కూడా. అంతకాలమూ నువ్వు నోరు మెదపలేదని నేను అబద్ధం చెప్పను; మూత తిప్పినప్పుడల్లా స్స్ మని ఒక నిట్టూర్పు వినపడింది. మూడు రోజుల్లో ఏడెనిమిదిసార్లు విన్నాను. ఎండకు ట్యాంకు వేడెక్కిందనుకున్నాను. వేడెక్కితే గాలి బయటికి రావాలి గాని, నా అరచేతిని లోపలికి లాగదని ఒక్కసారి కూడా తోచలేదు.

నిన్న రాత్రి బోల్టులు సగం విప్పిన బండిని చీకటికి వదిలి ఇంటికి వస్తే, వరలక్ష్మీ వ్రతం పిండివంటలకు తెచ్చిన పదిహేను కిలోల నూనె డబ్బాకు బెజ్జం కొట్టమని అమ్మ మేకు, సుత్తి చేతికిచ్చింది. ఒక మూలన కొట్టి వంచాను. నూనె రెండు గుక్కలు గుటగుటమని ఆగింది. "ఒక్క బెజ్జం కొడితే ఎట్టా వస్తదిరా, గాలికి ఇంకోటి కొట్టొద్దూ?" అంది అమ్మ. ఆవిడ జీవితంలో ట్రాక్టరు ఎక్కలేదు. నేను రెండో బెజ్జం కొట్టకుండానే మేకు పట్టుకుని చేలోకి పరుగెత్తాను. మిగిలిన నూనె సంగతి ఈ రోజు పొద్దున ఇంట్లో చర్చకు వచ్చింది, దాని వివరాలు తమరికి అనవసరం.

టార్చిలైటు వెలుగులో మూతను తిరగేసి చూస్తే తమరు ఉండవలసిన చోట తమరు లేరు. మేకు మొన పట్టలేదు, గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చి గోకితే ఒక ఎర్ర పొర, దాని కింద ఒక పసుపు పొర, దాని కింద డీజిల్‌తో కలిసి సిమెంటులా బిగిసిన దుమ్ము, దాని కింద మళ్లీ ఎరుపు, మళ్లీ పసుపు వచ్చాయి. వరుసగా ఎన్ని దసరాలు గడిచాయో వాటిని లెక్కపెట్టి చెప్పవచ్చు. ఇంతకాలం బయటపడకపోవడానికి కారణం నా దరిద్రమే. డబ్బాతో పదేసి లీటర్లు పోసుకునే రోజుల్లో ట్యాంకు ఎప్పుడూ సగానికి పైగా ఖాళీగా ఉండేది, మూత ప్రతిరోజూ తెరుచుకునేది, తమరి అవసరం దానికి కలగలేదు. నిండు ట్యాంకు ఒక సంపన్నుడి జబ్బు తెచ్చిపెడుతుందని నాకెవరూ చెప్పలేదు.

ఈ రోజు తెల్లవారుజామున డీజిల్ పంపు బోల్టులు తిరిగి బిగించి, గోనెసంచిలోని పాత ఫీడ్ పంపును కడిగి మళ్లీ దాని స్థానంలోనే పెట్టి, కొత్తదాన్ని అదే సంచిలో దాచాను. నిండు ట్యాంకుతో మధ్యాహ్నం దాకా ఆగకుండా దమ్ము చేశాను. బాబాయి గట్టు మీద నిలబడి చూసి, మొదటి రోజే పంపు మార్చి ఉంటే ఈ బాధ తప్పేదన్నాడు. నేనేమీ అనలేదు. మధ్యలో రెండుసార్లు అవసరం లేకపోయినా దిగి తమ మూత తిప్పి చూశాను. నిట్టూర్పు వినిపించలేదు, తమరు తమ పని తాము చేసుకుంటున్నారు, అంటే ఏమీ చేయడం లేదు.

రానున్న ఆయుధపూజనాడు పసుపు, గంధం, కుంకుమ అన్నీ బానెట్టు ముందు భాగానికే అర్పించబడునని, తమ నెత్తిన మాత్రం దబ్బనం తప్ప మరేదీ ఆనదని ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను. చిత్తగించవలెను.

ఇట్లు,
ప్రతి దసరాకూ తలస్నానం చేసి, భక్తితో, వెతికి మరీ సరిగ్గా తమ నడినెత్తినే బొట్టు పెట్టినవాడు.