రాగి వాషరు మీద నిలిచిన చేప

అమెరికా న్యాయస్థానాల మీద మన నల్లగొండ బోర్ల యజమానులకు ఏ కొంచెం గౌరవమున్నా, నెవడా ఎడారిలోని డెవిల్స్ హోల్ సంగతి తెలిశాక అది నిలవదు. అంగుళం పొడవైనా లేని పప్‌ఫిష్ ఒకటి, లోకం మొత్తం మీద సహజంగా ఆ ఒక్క నీటిగుంటలోనే బతుకుతున్నది. గుంటకు అడుగు ఎక్కడుందో ఇంతవరకు ఎవరికీ అందలేదు గానీ, చేప గుడ్లు పెట్టేది మాత్రం నీళ్లు పలుచగా నిలిచే ఒక రాతి అరుగు మీదనే. 1968లో పక్కనున్న ఆసామి మోటార్లు పెట్టి తోడగా అరుగు బయటపడసాగింది. అంతమాత్రానికే వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయి, 1976లో న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చేప పక్షానే నిలిచారు. నీటిమట్టానికి గుర్తుగా గుంట గోడకు బిగించిన రాగి వాషరుకు 2.7 అడుగుల కంటే కిందికి నీళ్లు దిగరాదట. మన దగ్గర వాషరు అరిగితే మోటారు నీళ్లెత్తదు. అక్కడ వాషరు గట్టిగా ఉన్నందుకే మోటార్లకు కళ్లెం పడింది.

ఇటువంటి పిరికి లెక్కలు మన జిల్లాకు సరిపడవు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోట బోరు బండి ఆగుతుంది. దుమ్ము తప్ప మరేమీ లేవకపోతే పది గజాల అవతల మళ్లీ ఆగుతుంది. పడ్డ నీళ్లు ఎండాకాలానికి అందకపోతే "ఇంకో రెండు పైపులు దింపు" అన్నదే తుది తీర్పు, దానిమీద అప్పీలు లేదు. కొత్త బోరుకు అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నమాట నిజమే గానీ, అది ఉన్న లోతు నుంచి పైకి తేవాలంటే ఏ మోటారూ చాలదు. 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటలూ ఉచిత కరెంటు ఉండగా, మీట కట్టేయడమంటే ప్రభుత్వాన్ని అవమానించడమే. ఇక నీళ్లలోని ఫ్లోరైడు అంటారా, అది రాయి చేసిన నేరం. రాయి మీద వ్యాజ్యం వేయడానికి మనమేమైనా అమెరికా వాళ్లమా?

అక్కడి అధికారులు ఏటా రెండుసార్లు గుంటలో దిగి చేపలను ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. 2013 వసంతంలో 35 తేలాయి. 2016లో తాగి లోపలికి చొరబడ్డ వాళ్ల వల్ల ఒక్క చేప చనిపోతే, ఒకడికి జైలుశిక్షే పడింది. ఆ న్యాయం ఇక్కడ అమలైతే మృగశిర కార్తె నాటి సాయంత్రానికి జిల్లా జైలులో నిలబడడానికి చోటుండదు.

అయినా ఆపదలో ఉన్న జీవిని ఆదుకోవడం మన ధర్మం కనుక, ఆ చేపలను కొంతకాలం మన చెరువులకు అప్పగించమని కోరుతున్నాము. దానికి కావలసిన 33 డిగ్రీల వేడి నీళ్లను మే నెల ఉచితంగానే ఇస్తుంది, మే దాకా చెరువులో నీళ్లుంటే. లెక్కింపు మాత్రం మృగశిరకు ముందే ముగించుకోవలసిందిగా అమెరికా అధికారులకు మనవి.