ఆ బీడును ఖాళీ భూమి అనొద్దు

పోయిన నెల ఇక్కడ కువైట్‌లో మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు వచ్చింది, మీరంతా చూసే ఉంటారు. ఈ వానాకాలం మన కడప జిల్లాలో సిద్దవటం, బద్వేలు మధ్య గుట్టల కింద ఖాళీగా పడుండే బీడులో మన పిల్లల పేర్లతో వెయ్యి మొక్కలు నాటిద్దాం, తలా ఐదు దీనార్లు వేసుకుందాం అని. మంచి మనసుతోనే పెట్టినారు, అందుకే నేనూ ముందుగా పేరు రాసినా. కానీ రెండు రోజులు నిద్ర పట్టలేదు. డబ్బులు ఇస్తా గానీ మొక్కలు మాత్రం ఆ బీడులో వద్దు అని మెసేజ్ పెడితే చాలామందికి కోపం వచ్చింది, చెట్లు వద్దనేవాళ్ళు కూడా ఉంటారా అప్పా అన్నారు. ఫోన్లో టైపు చేసి చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తా, రొంత ఓపిగ్గా చదవండి.

ఆ బీడు ఖాళీ కాదు. మీరు ఆ పక్క ఊర్లలో పుట్టినోళ్ళయితే గుర్తు చేసుకోండి, కలివి, రేగు, బలుసు, అక్కడక్కడా చండ్ర, పొదకూ పొదకూ మధ్య గులకరాళ్ళ నేల, వాన పడితే మోకాలెత్తు గడ్డి. ఎండాకాలం సెలవుల్లో జీవాల వెంట పోయి ఆ కలివి పొదల్లో చేతులు గీసుకుంటా నల్లటి పండ్లు తెంపుకొని తిన్నాం, పాలు కారి పెదాలకు బంక పట్టేది, ఇంటికొస్తే మా జేజి కొబ్బరినూనె పూసి తుడిచేది. ఆ కలివి పేరే ఒక పక్షికి ఉంది, కలివికోడి. మనూరి పేరు ప్రపంచంలో పక్షుల మీద పని చేసే వాళ్ళందరికీ తెలిసింది దానివల్లే.

జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు వల్ల 1848లో ఈ పక్షి గురించి మొదట లోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనపడింది, ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఊరూరా తిరిగి వెతికితే 1986 జనవరిలో మన రెడ్డిపల్లె దగ్గర దొరికింది. దాన్ని పట్టిచ్చింది పెద్ద చదువులు చదివిన వాళ్ళు కాదు, రాత్రిపూట లైటు పట్టుకొని పిట్టల వేటకు పోయే మనూరి మనిషి. ఆయన కన్ను లేకుంటే ఆ పక్షి ఇంకా పుస్తకాల్లోనే ఉండేది. 1988లో దానికోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. ఇన్నేళ్ళయినా అది అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల లిస్టులోనే ఉంది, ఏళ్ళ తరబడి వెతికినా కనపడని కాలాలు ఉన్నాయి.

ఇప్పుడు మొక్కల సంగతికి వస్తా. ఈ పక్షి పగలు పొద కింద నక్కి ఉంటుంది, రాత్రి పొదల మధ్య ఖాళీ నేల మీద పరిగెత్తి పురుగులు ఏరుకు తింటుంది. దానికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. ఎక్కువ మేపితే పొద చచ్చిపోతుంది, అసలు మేపకుంటే పొదలు కలిసిపోయి సందు లేకుండా పోతుంది. అంటే మన గొల్లోళ్ళు మేకలు తోలుకుపోయే దారులు, కంప కొట్టుకొచ్చే అలవాట్లు మితంగా ఉన్నంత కాలం ఆ పక్షికి మేలే చేసినాయి. అట్లాంటి చోట గుంతలు తవ్వి వేప, కానుగ, నీలగిరి వరసగా నాటితే ఫోటోలో పచ్చగా కనపడుతుంది గానీ దానికి ఇల్లు పోతుంది. సర్కారు రికార్డుల్లో ఈ భూములకు బంజరు అని పేరు, మనమూ అదే నమ్మేసినాం. చెట్టు ఉంటేనే ప్రకృతి, పొద ఉంటే దరిద్రం అన్నట్టు చూస్తాం. మన సీమలో జంతువులకు జరుగుతున్న పెద్ద నష్టం ఈ చూపు వల్లే అని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట, ఇది నొప్పిగానే రాస్తున్నా. ఆ బీడును కొంటున్నది మన డబ్బే. కువైట్ నుంచి, ఖతార్ నుంచి మనం పంపేదాంతో ఎకరా, రెండెకరాలు కొని, కొన్న వారానికే జేసీబీ తోలిస్తాం, లేకుంటే ఎవరైనా ఆక్రమిస్తారని భయం. ఈసారి సెలవుకు పోయినప్పుడు మా బామ్మర్ది కొన్న ఎనిమిదెకరాల్లో అదే జరుగుతా ఉంది. పొద్దున్నే పోయేసరికి పొదలన్నీ వేర్లతో సహా పీకి కుప్ప పోసినారు, పచ్చి వేర్ల వాసన. బకెట్ ఎత్తినప్పుడు మట్టితో పాటు ఏదో దొర్లి పడింది. నక్షత్ర తాబేలు, నా అరచేయంత ఉంటాది, నల్లటి డిప్ప మీద ఒక్కో గడి మధ్యనుంచి పసుపు గీతలు కిరణాల మాదిరి, ఎవరో కూర్చొని కుంచెతో గీసినట్టు. ఒక పక్క అంచు పగిలింది. తల, కాళ్ళు లోపలికి లాక్కొని బుస్సుమని గాలి వదిలింది, అంతే. డ్రైవరు దిగొచ్చి సిమెంటు సంచిలో వేసుకోబోయినాడు, "అన్నా, ఇంట్లో పెట్టుకుంటే లచ్చిమి వచ్చాదంట" అన్నాడు. చెడ్డోడు కాదు, పిల్లల తండ్రి, అందరూ చెప్పే మాటే చెప్పినాడు. నేను అడ్డం చెప్పి ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేసినా, సాయంత్రానికి వచ్చి తీసుకుపోయినారు. బతికిందో లేదో అని ఇప్పటికీ నా మనసు పీకుతానే ఉంటాది.

ఆ లచ్చిమి మాట వల్లే ఈ తాబేళ్ళు సంచుల్లో, సూట్‌కేసుల్లో దేశాలు దాటుతున్నాయి. 2019లో అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించే లిస్టులో చేర్చినారు. మన దేశంలో ఇంట్లో పెంచుకున్నా నేరమే, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. ఇక్కడ కువైట్‌లోనే, ఫర్వానియాలో తెలిసినవాళ్ళ ఫ్లాటుకు పోతే ప్లాస్టిక్ టబ్బులో ఒకటి కనపడింది, ఏసీ చల్లదనానికి ముడుచుకొని ఒక మూల ఉంది, పక్కన దోసకాయ ముక్కలు ఎండిపోయి ఉన్నాయి. దయచేసి కొనొద్దు, ఎవరైనా గిఫ్టుగా ఇస్తామన్నా తీసుకోవద్దు. కొనేవాళ్ళు ఉన్నంత కాలం గుట్టల్లో వెతికేవాళ్ళు ఉంటారు. దేవాంగ పిల్లి, అలుగు, రెండు తలల పాము, అన్నిటిదీ ఇదే కథ.

కర్నూలు వాళ్ళకు బట్టమేక పక్షి గురించి నేను చెప్పాల్సిన పని లేదు. రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం పెట్టినారు, ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి నేల. అది పదిహేను కిలోల దాకా తూగే పక్షి, ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు, అదీ నేల మీదే. కంచె లోపల గడ్డి కాపాడినాం గానీ బయట జొన్న, కొర్ర చేలు పోయినాయి, నీళ్ళొచ్చి పంటలు మారినాయి, ఆ పక్షి తిరిగే చోటు చుట్టూ నుంచి తగ్గిపోయింది. లోపల జింకలు పెరిగి చేలల్లో పడితే రైతులకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది, ఆ కోపంలో న్యాయం ఉంది. ఈరోజు దేశం మొత్తం మీద బయట తిరిగేవి నూట యాభైకి అటూ ఇటుగానే ఉంటాయంటారు, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. దానికి ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు, ఎగురుతా పోయి కరెంటు తీగలకు కొట్టుకొని చచ్చిపోతుంది.

ఇక్కడ మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, వాళ్ళ పెద్దాయన ఒకసారి హుబారా పక్షి గురించి చెప్పినాడు. బట్టమేక జాతిదే, చిన్నది. ఆయన చిన్నప్పుడు చలికాలంలో ఎడారిలో గుడారాలు వేసుకుంటే డేగలతో వేటాడేవాళ్ళంట, ఇప్పుడు ఎక్కడున్నాయి నాయనా అన్నాడు, ఆ ముసలాయన గొంతులో బాధ నాకు అర్థమైంది. అబుదాబీ వాళ్ళు హుబారాను పెంపకంలో పిల్లలు చేయించి వదలడం నేర్చుకున్నారు, ఆ విద్యే జైసల్మేర్‌లో బట్టమేకల పెంపకానికి సాయపడింది, 2024లో కృత్రిమ గర్భధారణతో అక్కడ మొదటి పిల్ల పుట్టింది. చాలా సంతోషం. కానీ ఆ పిల్లలు పెరిగినాక వదలడానికి గడ్డి నేల ఏది? మనం అన్నీ చదును చేసేస్తే ఎక్కడ వదులుతారు?

కాబట్టి నేను అడిగేది మన చేతిలో ఉండేవే. బీడు కొన్నవాళ్ళు జేసీబీ తోలించే ముందు ఒకసారి ఆగండి, వంక గట్టు వెంబడి, గుట్ట పక్కన రొంత పొదను అట్లే వదిలేయండి, హద్దు రాళ్ళు నాటుకుంటే ఎవరూ ఆక్రమించరు. పెళ్ళిళ్ళు చేసినప్పుడు మిగిలిన అన్నం, మాంసం ఊరి బయట బీడులో పారబోయొద్దు, కుక్కలు గుంపులు కట్టి నేల మీద గుడ్లు పెట్టే పిట్టలన్నిటినీ తినేస్తాయి. కలివికోడిని చూడాలని రాత్రుళ్ళు లైట్లేసుకొని, ఫోన్లో దాని కూత పెట్టుకొని పొదల్లో తిరగొద్దు, ఉన్న ఒకటీ అరా కూడా బెదిరిపోతాయి.

తెలుగుగంగ కాలువ మిషన్లు 2005లో కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చినప్పుడు పరిశోధకులు గట్టిగా మాట్లాడినారు, చివరికి కాలువ దారి పక్కకు జరిపినారు. కాలువ ఆగలేదు, రైతుకు నీళ్ళు ఎవరూ వద్దనలేదు. అడిగేవాళ్ళు ఉంటే జరుగుతుంది.

ఇంక మన వెయ్యి మొక్కలు. అవి బడుల్లో, ఆస్పత్రి ఆవరణల్లో, రోడ్డు పక్కన నాటిద్దాం, పిల్లల పేర్లు పెడదాం, నీళ్ళు పోసేవాళ్ళకు జీతం ఇద్దాం. అందులో సగం డబ్బు మాత్రం ఆ గుట్టల కింద జీవాలు మేపేవాళ్ళ పిల్లల ఫీజులకు ఇద్దామని నా కోరిక, ఆ నేల గురించి మనకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. వచ్చే శుక్రవారం కమిటీ మీటింగులో ఈ మాట పెడతా, రాగలిగినవాళ్ళు రండి. మా బామ్మర్ది వంక పక్క ఎకరన్నర వదిలేసినాడు. మిగతా ఆరున్నర చదును అయిపోయింది, చీనీ మొక్కలకు గుంతలు తవ్వుతా ఉన్నారు.