పిల్లలకే శిక్షణ ఇవ్వాలి

మా మరదలికి కోవూరు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. "పిల్లల్ని ఊరుకోబెట్టడం వచ్చా?" అని అడిగాను. "స్మార్ట్ ఫోన్ బాగా వచ్చు బావా" అంది. ఈ పిల్ల వృద్ధిలోకి వస్తుందని నాకప్పుడే నమ్మకం కుదిరింది.

శిక్షణ మూడు రోజులు. పేరు 'పోషణ్ భీ పఢాయి భీ', అంటే పోషణా చదువూ రెండూనట. కేంద్ర ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన కార్యక్రమం. ఆ పేరు మావాళ్ల నోట్లో తిరిగేసరికే మొదటి రోజు టీ వేళయింది. తోడుగా వెళ్లిన నేను వెనక కుర్చీలో కూర్చుని అన్నీ శ్రద్ధగా విన్నాను. మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా ఆరేళ్లలోపే అయిపోతుందట. ఆ లెక్కన నేను బీఏ గట్టెక్కింది మిగిలిన చిల్లరతోనన్నమాట.

పుస్తకాలు రెండు. మూడేళ్లలోపు వాళ్లకు 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు 'ఆధారశిల'. రెండోదాంట్లో 48 వారాలకు ఆటలూ పాటలూ కథలూ వారం వారీగా ఉన్నాయి. వంక పెట్టడానికే కూర్చున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, మంచి పుస్తకమే. పక్కపిల్లాడి చెవి కొరికేవాడిని ఏ వారంలో పెట్టారో మాత్రం నాకు కనబడలేదు.

రెండో రోజు ప్రాక్టికల్. పిల్లలు లేరు గనక టీచర్లే పిల్లలయ్యారు. చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. ఒక్కరూ ఏడవలేదు. ఒక్కరూ నిక్కరు తడపలేదు. అలాంటి పిల్లల్ని మా వంశంలో ఎవరూ చూసి ఎరగరు. తర్వాత పిల్లలకు పోషణ చాలిందో లేదో చెప్పే రంగుల టేపుతో జబ్బ చుట్టుకొలత. 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. ఆ టేపు టీచర్ల జబ్బలకు చాలలేదు. చివరికి మంచినీళ్ల సీసాకు చుట్టారు. ఆకుపచ్చ వచ్చింది. సీసాకు పోషకాహార లోపం లేదని అందరం రాసుకున్నాం. మూడో రోజంతా పిల్లల వివరాలు ఫోనులో ఎక్కించే 'పోషణ్ ట్రాకర్' యాప్. దాని గురించి చెప్పడానికేం లేదు, ఎక్కువసేపు తిరుగుతూనే ఉంది.

సోమవారం మరదలు సెంటర్లో అడుగుపెట్టింది. తొమ్మిదిన్నరకు ఒక మూడేళ్లవాడు తలుపు పట్టుకుని వేలాడుతూ ఊరు లేచేలా ఏడుపు అందుకున్నాడు. ఈమె పుస్తకం తీసి పాట మొదలుపెట్టింది. వాడు శ్రుతి పెంచాడు.

వంటింట్లోంచి ఆయా చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "టీచరమ్మా, వాళ్లమ్మ గోడవతల నిలబడి తొంగి చూస్తా ఉండాది. ఆమెను పొమ్మను ముందు" అని, వాణ్ణి చంకనేసుకుని, ఉడికిన గుడ్డొకటి చేతిలో పెట్టి, "పెంకు తీసి పెట్టు నాయనా, నాకు కళ్లు సరిగా ఆనవు" అంది. వాడు ముక్కు ఎగబీల్చి పనిలో దిగాడు. పెంకుతో పాటు సగం తెల్లసొన కూడా పోయింది. ఏడుపు మాత్రం ఆగింది.

మొత్తం నాలుగు నిమిషాలు. దీనికి బ్యానర్ లేదు, ఫొటో లేదు కాబట్టి శిక్షణగా లెక్కకు రాదు. ఇంతకీ ఆ మూడు రోజులూ ఆయాను ఎవరూ పిలవలేదు. పిలిస్తే పిల్లల్ని చూసుకునేదెవరు?

అన్నీ తూకం వేసి చూశాక నాకు తేలిందేమంటే, లోపం శిక్షణలో లేదు, పిల్లల్లో ఉంది. కనుక చేరే ముందు ప్రతి పిల్లవాడికీ మూడు రోజుల ఓరియంటేషన్ తప్పనిసరి చెయ్యాలని మనవి. ఫొటో అప్‌లోడ్ అయ్యేదాకా గుడ్డు కొరకరాదు. సిగ్నల్ ఉన్నప్పుడే బరువు పెరగాలి. ఒంటికీ రెంటికీ సూపర్‌వైజరమ్మ వచ్చి వెళ్లేదాకా ఓపిక పట్టాలి. అమ్మ మీద బెంగ రెండో శనివారానికి వాయిదా వేసుకోవాలి.

నేనింకా అర్జీ పెట్టకముందే పిల్లలు సొంతంగా మొదలుపెట్టేశారు. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు వచ్చింది కదా. తల్లులు వరసగా వచ్చి ఫోను ముందు నిలబడి, మరదలు "ఆర్పండి, ఇంకోసారి ఆర్పండి" అంటుంటే కళ్లార్పుతుంటారు. పక్కన చాప మీద కూర్చుని పిల్లలు ఇదంతా చూస్తుంటారు. 'అ' రాయమంటే ఇప్పటికీ దిక్కులు చూస్తారు గానీ, ఆమె ఫోను పైకెత్తిందంటే చాలు, పదకొండు మందీ బిగదీసుక్కూర్చుని ఒక్కసారిగా కళ్లార్పుతున్నారు. చెవి కొరికేవాడైతే రెండుసార్లు.