సవరణ: మోర్ ఎక్కడ, చివర ఇ, ఆర్ ఎక్కడ

ఇంగ్లిష్ విశేషణాలతో పోలిక చెప్పడంపై ఇంతకుముందు రాసిన పాఠంలో, "రెండు సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) ఉంటే ముందు మోర్ పెట్టాలి" అన్నాం. అది తప్పు.

వై తో ముగిసే హ్యాపీ, ఈజీ, బిజీ లాంటివి మామూలుగా హ్యాపియర్, ఈజియర్, బిజియర్ అవుతాయి. రాసేటప్పుడు వై తీసేసి ఐ, ఇ, ఆర్ చేర్చాలి. సింపుల్, న్యారో కూడా సింప్లర్, న్యారోవర్ అవుతాయి. ఫుల్, లెస్, ఇంగ్ తో ముగిసేవాటికి మాత్రం మోర్ తప్పదు: మోర్ యూజ్‌ఫుల్, మోర్ కేర్‌లెస్, మోర్ బోరింగ్. పొలైట్, కామన్ రెండు విధాలా చెల్లుతాయి. అనుమానముంటే మోర్ వాడండి. బోర్డ్ (విసుగెత్తిన) ఒకే సిలబుల్ అయినా మోర్ బోర్డ్ అనే అనాలి.

అసలు చిక్కు మన భాషలోనే ఉంది. తెలుగులో "నాకంటే పొడుగు" అంటే చాలు, "పొడుగు" అన్న మాట మారదు. పోలికంతా "కంటే" మోస్తుంది. ఆ అలవాటుతోనే "హి ఈజ్ టాల్ దాన్ మి" అనేస్తాం. దాన్ ఒక్కటే సరిపోదు, టాలర్ కావాలి. దీన్ని దిద్దుకోబోయి "మోర్ టాలర్" అనడం ఇంకో తప్పు. పోలిక గుర్తు ఒక్కటే ఉండాలి. "మోర్ బెటర్" కూడా అంతే. నొక్కి చెప్పాలంటే "మచ్ బెటర్" అనండి.

సీనియర్, జూనియర్ తర్వాత దాన్ రాదు, టు వస్తుంది.