దిష్టి తీసే ముందు సీసా తిప్పి చూడండి

గజపతినగరం దగ్గర మా చెల్లెలి ఇంట్లో మూడు రాత్రులు ఎవరికీ కునుకు లేదు. ఎనిమిది నెలల మేనల్లుడికి కొద్దిగా దగ్గు, అంతే. జ్వరం లేదు. కానీ పది దాటినా కళ్లు విప్పార్చుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తూనే ఉన్నాడు. గిలక అందుకోబోతే వేళ్లు సన్నగా వణికాయి. చెల్లెలి అత్తగారు ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు. "ఘాటు రాలేదు సూడు, గట్టి దిష్టే" అని తేల్చేశారు.

గూట్లో సగం ఖాళీ అయిన దగ్గు సిరప్ కనిపించింది. డాక్టర్ రాసింది కాదు, మందుల షాపులో అడిగితే ఇచ్చింది. తిప్పి చదివితే లెవోసాల్బ్యుటమాల్, ఆంబ్రాక్సాల్, గ్వాయ్‌ఫెనెసిన్. మొదటిది బిగుసుకున్న ఊపిరి గొట్టాలను వదులు చేసేది. దాంతోపాటే గుండె వేగం పెంచగలదు, చేతులు వణికించగలదు, నిద్ర చెడగొట్టగలదు. పెద్దవాళ్లైతే దడగా ఉందని చెప్పుకుంటారు.

"మందు తాగితే మత్తు రావాల గానీ, మెలకువ రావడమేటి?" అన్నారావిడ. సరైన ప్రశ్నే. జలుబు మందుల్లోని క్లోర్‌ఫెనిరమిన్ పెద్దలకు మత్తు. కొందరు పిల్లల్లో మాత్రం అదే తిరగబడి నిద్ర పట్టనివ్వదు. దానికి ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దనీ, ఆ మాట లేబుల్ మీద వేయాలనీ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. ఆవగింజంత ఇంగ్లిష్ అక్షరాల్లో వేస్తే ఆవిడకేం ఉపయోగం?

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ పిల్లల ప్రాణాలు తీశాక, 2025 అక్టోబరులో రెండేళ్ల లోపు వారికి దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. కల్తీ మీద అంత చర్చ జరిగింది. కల్తీ లేని సిరప్ పసివాళ్ల రాత్రుల్ని ఏం చేస్తుందో ఎవరికీ పట్టలేదు.

నా అసలు భయం రెండో సీసా గురించి. పిల్లాడు పడుకోవడం లేదంటే నిద్ర వచ్చే సిరప్ ఒకటి చేతికొస్తుంది. అలా మత్తునిచ్చే ప్రోమెథజైన్‌ను రెండేళ్ల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించిపోవచ్చు.

నిద్ర చెడిన ప్రతిసారీ మందుదే తప్పనడం లేదు. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లో అంతకు మించో ఊపిరి తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, సీసా సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి పరుగెత్తాలి. నిద్ర చెడుతోందని డాక్టర్ రాసిన మూర్ఛ మందుల్లాంటివి సొంతంగా ఆపితే ఇంకా ప్రమాదం.

మావాణ్ని పిల్లల డాక్టర్‌కి చూపించాం. ఆయన సిరప్ మాన్పించారు. రెండో రాత్రికి పడుకున్నాడు. మిరపకాయలే పనిచేశాయని ఆవిడ నమ్మకం, సరే.

ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల్లో పసిపిల్లల ఇళ్లకు వెళ్లాలి. బరువు, టీకాలతోపాటు "రాత్రి పడుకుంటున్నాడా, ఇంట్లో ఏ సిరప్ ఉంది?" అని అడిగించడం పెద్ద ఖర్చు కాదు. మావాడికి తొమ్మిదో నెల దగ్గరపడింది. సీసా పారేయొద్దని చెల్లెలికి చెప్పాను.