రెండవ నిబంధన (యు) ఖండిక గారికి కడప నుండి ఒక విన్నపం

మహారాజశ్రీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని రెండవ నిబంధన, (యు) ఖండిక గారి సముఖానికి,

కడప ఏడు రోడ్ల కూడలి పరిసరాల్లో కాలినడకన తిరిగే ఒక పౌరుడు బ్యాటరీ స్కూటర్ల విషయమై నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. తమరు ఢిల్లీలో కాగితం మీద క్షేమం. నేను రోడ్డు దాటేశాను కాబట్టి, ప్రస్తుతానికి క్షేమం.

తమరి పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ, తమరి చలవ మాత్రం సందుల్లో తిరగడం మొదలుపెట్టింది. రెండు చిన్న చక్రాలు, నిలబడడానికి ఒక పలక, పట్టుకోవడానికి ఒక కడ్డీ, బొటనవేలితో నొక్కే ఒక మీట. సీటు లేదు, నంబరు ప్లేటు లేదు, వస్తున్నట్టు చెప్పే చప్పుడు లేదు. అమ్మేవారు ఎలక్ట్రిక్ కిక్ స్కూటర్ అంటారు. మా వీధి అరుగు మీద పెద్దలు ‘అదే, నిలబడి పోయేది’ అంటారు. తమరు దాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. అరగంట పాటు నిలకడగా ఇవ్వగలిగే మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకుండా, బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ సరేనంటే, అలాంటి బ్యాటరీ బండి ఏదైనా మోటారు వాహనం కాదని సెలవిచ్చి చేతులు దులుపుకున్నారు.

బాగుంది. మరి ఏమిటది? ఆ ఒక్క ముక్క చెప్పడం మరిచారు.

మోటారు వాహనం కాదన్నారు కనుక రిజిస్ట్రేషన్ అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, బీమా అక్కరలేదు. ఇంతవరకు నాకూ అభ్యంతరం లేదు. నెమ్మదిగా పోయే చిన్న బండికి రవాణా కార్యాలయం చుట్టూ ప్రదక్షిణలు దేనికి? కానీ అదే ఊపులో వయసూ ఎగిరిపోయింది, హెల్మెట్టూ ఎగిరిపోయింది. మోటారు సైకిల్ మీద నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ అంటుంది. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పదిహేనేళ్ల కుర్రాడు తండ్రి బండి తీసుకుని టిఫిను తేవడానికి పోయి దొరికితే, 2019 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్న సవరణ ప్రకారం ఆ తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అదే కుర్రాడు ఆ బండిని ఇంట్లో పెట్టి, తమరు దీవించిన పలక మీద నిలబడి, తమ్ముణ్ణి ముందు నిలబెట్టుకుని, గంటకు 24 కిలోమీటర్ల వేగంతో అదే టిఫిను తెస్తే తండ్రికి కాఫీ కూడా చల్లారదు. కుర్రాడి తల రెండు సందర్భాల్లోనూ ఒకటే. రోడ్డూ అదే.

ఇక తమరి గీతకు అవతలి కథ ఇంతకంటే వినోదం. దుకాణంలో పక్కనే 350 వాట్ల స్కూటర్ ఉంటుంది. చూడడానికి కవల సోదరుడే. వంద వాట్లు ఎక్కువ కావడంతో అది మోటారు వాహనమై కూర్చుంది. రిజిస్ట్రేషన్ కావాలి, లైసెన్సు కావాలి, బీమా కావాలి. సరే, చేయించుకుందామని వెళితే చేసేవారెవరు? సీటు లేని, అద్దాలు లేని, మోటారు సైకిల్‌గా ఆమోదమే పొందని దాన్ని ఏ అధికారి ఏ పద్దులో రాసుకుంటాడు? గీతకు ఇటువైపున్నవాడికి ఏ విధీ లేదు. అటువైపున్నవాడికి అన్ని విధులూ ఉన్నాయి, నెరవేర్చే దారి లేదు. కడపకు ఏడు రోడ్లున్నాయి. వాడికి పనికివచ్చే రోడ్డు ఒక్కటీ లేదు.

ఎండలో నిలబడిన కానిస్టేబుల్ సంగతి కూడా ఆలోచించండి. తాగినవాణ్ణి యంత్రంలోకి ఊదించి పట్టుకుంటాడు. మోటారు అరగంట శక్తిని ఎలా పట్టుకుంటాడు? కూడలి మధ్యలో బండిని అరగంట తిప్పిస్తాడా? పెట్టె మీద 25 అని అచ్చువేసి, ఫోనులో ఒక్క మార్పుతో ఆ హద్దు తొలగించుకోగలిగే రకాలూ ఉన్నాయి. తమరు అడిగిన పరీక్ష పుణె లాంటి చోట్ల ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. వేగం రోజూ మా వీధిలో జరుగుతుంది.

పోనీ, అది ఎక్కడ నడవాలి? మోటారు వాహనాలు కాలిబాట ఎక్కరాదని 2017 నాటి డ్రైవింగ్ నియమాలు చెబుతున్నాయి. ఇది మోటారు వాహనం కాదు కదా, కనుక ఆ మాట దీనికి వర్తించదు. తమరు తెలియకుండానే నా కాలిబాటను దానికి రాసిచ్చారు. అయితే కంగారు పడకండి. మా దగ్గర కాలిబాట అంటే చాలాచోట్ల మురుగుకాలువ మీద పరిచిన బండలే. దేశమంతా వంటింటి గట్లకు మా కడప బండను నున్నగా పాలిష్ పట్టించి వేసుకుంటే, మాకు మాత్రం ఒకటి లేచి, ఒకటి కుంగి ఉంటాయి. ఆపైన బజ్జీల బండి, దుకాణం బోర్డు, నిలిపి ఉంచిన మోటారు సైకిళ్లు. తమరు పెట్టని నిషేధాన్ని బజ్జీల బండివారు అమలు చేస్తున్నారు, జీతం కూడా అడగకుండా.

పరాయి దేశాలవారు తిట్టుకుంటూనైనా ఏదో ఒకటి తేల్చుకున్నారు. జర్మనీ 2019 జూన్‌లో గంటకు 20 కిలోమీటర్లు, పద్నాలుగేళ్ల వయసు, బీమా స్టిక్కరు అని రాసుకుని, కాలిబాట ఎక్కవద్దంది. సింగపూర్ అదే ఏడాది నవంబరు 5న కాలిబాటల మీద నుండి దించేసింది. పారిస్ 2023 ఏప్రిల్‌లో అద్దె స్కూటర్ల మీద ఓటింగే పెట్టింది. ఓటర్లలో ఎనిమిది శాతం కూడా రాలేదు గానీ, వచ్చినవారిలో 89 శాతం వద్దన్నారు. మాకు ఓటింగ్ వద్దు. మే నెల ఎండలో బస్టాండు నుండి ఇంటిదాకా నడిచేవాడికి ఆ పలక ఎంత హాయో నాకు తెలుసు. దాన్ని నిషేధించమని నేను అడగను.

నేను అడిగేది తమరి ఒంటి మీద ఇంకో నాలుగు పంక్తులు. ఎక్కడానికి ఒక వయసు. నెత్తిన ఒక హెల్మెట్. ఒక్కరే ఎక్కాలన్న మాట. నడవాల్సింది కాలిబాట మీదో, రోడ్డు అంచునో అన్నది. 350 వాట్లవాడికి ఒక చిన్న రిజిస్ట్రేషన్ పద్దు కూడా దయచేస్తే వాడు దొంగలా సందుల్లో తిరగడు. జవాబు గెజిట్‌లో అచ్చువేయించినా చాలు. మా వీధి కుర్రాళ్లు గెజిట్ చదవరు, నేనే ప్రతి తీసి స్కూటర్లు అమ్మే దుకాణం గోడకు అంటిస్తాను. యజమాని చించేస్తే రెండో ప్రతి కూడా తీసి ఉంచుతాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి నిర్వచనంలో ఎక్కడా లేని ఒక పాదచారి,
కడప